కంచె అవతలి చెట్టు

మే నెల చివరి వారం, చెట్లకు జిగురు అట్టలు కట్టిన తొమ్మిదో రోజు పొద్దున, రోస్వీటా నిచ్చెన భుజాన వేసుకుని హుషారుగా తోటలోకి వెళ్ళింది. నలభై చెర్రీ చెట్లలోనూ కాయలు ఆకుపచ్చ వదిలి పసుపులోకి తిరుగుతున్నాయి. పండు ఈగ గుడ్డు పెట్టేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ముదురు పసుపు అట్టను చూసి ఆశపడి వచ్చి వాలుతుంది, జిగురుకు అంటుకుని చస్తుంది. అట్ట మీద పది కనిపిస్తే చెట్టు మీద ఎన్ని ఉన్నాయో ఊహించుకోవచ్చు. ఈ ఏడాది అట్టలు ఖాళీగా ఉంటాయని రోస్వీటాకు గట్టి నమ్మకం. కంచె అవతల కాస్పర్ చెట్టు ఇప్పుడు లేదు మరి. దాన్ని ఫిబ్రవరిలో నేలకూల్పించేదాకా ఆమె నిద్రపోలేదు.

కంచె పక్క అట్ట మీద రెండు ఈగలున్నాయి. రెండేగా అనుకుంది. తరువాతి వరసలో ఐదు. ఆమె నడక కాస్త నెమ్మదించింది. తోట నడిమికి వచ్చి నిచ్చెన వేసి ఎక్కి చూసేసరికి, పసుపు అట్ట పసుపుగా లేదు. చారల రెక్కలు, వీపు మీద పసుపు చుక్క, సందేహం లేదు, అవే. ముప్పై నాలుగు లెక్కపెట్టింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెడితే ముప్పై ఆరయ్యాయి. నిచ్చెన మీదే నిలబడి కాస్పర్‌ను నోరారా తిట్టింది.

తిట్టడం ఆమెకు కొత్త కాదు. ఈ చెట్లు ఆమె తండ్రి నాటినవి. ఆయన పోయాక తోటను సేంద్రియానికి మార్చింది ఆమే. మందు డబ్బా గేటు దాటి రాకూడదని భర్త ఎర్విన్‌తో పెద్ద యుద్ధమే చేసి నెగ్గింది. కానీ వరసగా రెండేళ్ళు సరుకు గోదాం నుంచి వెనక్కి వచ్చింది. అక్కడ ఒట్టీలియా అనే మనిషి ప్రతి రైతు సరుకులోంచి వంద పండ్లు తీసి, నలిపి, ఉప్పునీళ్ళలో వేస్తుంది. పురుగులు పైకి తేలతాయి. రెండు తేలితే పోనీలే అంటుంది. మూడోది తేలిందంటే మొత్తం సరుకు తిప్పి పంపేస్తుంది. రోస్వీటా పండ్లలో మొదటి ఏడాది ఆరు తేలాయి, రెండో ఏడాది ఎనిమిది. రెండోసారి ఎర్విన్ భోజనాల బల్ల మీద చెయ్యి వేసి ఒకే మాట అన్నాడు.

"మూడోసారి కూడా తిరిగొస్తే చెట్లు కొట్టించేస్తాను. మీ నాన్న చెట్లయినా సరే. పురుగుల్ని మేపడానికి నేను తోట ఉంచుకోలేదు."

ఎర్విన్ పోస్టు బస్సు నడుపుతాడు. కొండ మలుపుల్లోనైనా చెప్పిన వేళకు బస్సు తెస్తాడు, ఇంట్లోనూ అంతే. అతను అన్నాడంటే చేస్తాడని రోస్వీటాకు తెలుసు. నేరస్తుణ్ణి మాత్రం ఆమె మొదటి ఏడాదే వెతికి పెట్టుకుంది. కంచె అవతల కాస్పర్ బూసర్‌కు ఒకే ఒక్క చెర్రీ చెట్టు ఉండేది. వాళ్ళ తాత నాటాడట, మేడ కన్నా ఎత్తు. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఎక్కలేడు, పండ్లు కొమ్మల మీదే ఎండిపోయేవి. ఇంకేం కావాలి? ఈగలన్నీ అక్కడినుంచే వస్తున్నాయని పంచాయతీకి ఉత్తరం రాసింది. 'ఈయన వయసు మళ్ళినవాడు. కళ్ళు ఆనవు. చెట్టెక్కలేడు సరికదా, కంచె దాకా ఏముందో కూడా కనపడదు. ఇలాంటి మనిషి చేతిలో చెట్టు ఉండటం ఊరికే ప్రమాదం' అని రాసింది. కాస్పర్ కళ్ళు బాగానే పనిచేస్తాయని ఆమెకు తెలుసు. అయినా, ఉత్తరం బలంగా ఉండాలి కదా!

వచ్చే వేసవిలో పండ్లన్నీ కోసెయ్యాలి, లేదంటే చెట్టు తీసెయ్యాలి అని పంచాయతీ కాస్పర్‌కు చెప్పింది. ఆ వేసవిలో అతను రోస్వీటా ఇంటికి వచ్చి నిచ్చెన అడిగాడు. అంత పొడుగు నిచ్చెన ఊళ్ళో ఆమె దగ్గరే ఉంది. విరిగిపోయిందని చెప్పింది. నిచ్చెన గోడకు ఆనించే ఉంది. కాస్పర్ దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా 'రోస్వీ, నువ్వు' అని పిలిచిన మనిషి ఆ రోజునుంచి 'మీరు' అనడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు.

ఫిబ్రవరిలో చెట్టు పడింది. కాస్పర్ ఆ కట్టెలన్నీ చీల్పించి, రోస్వీటా వంటింటి కిటికీకి ఎదురుగా కంచె పొడుగునా పేర్పించాడు. ఆమె కాఫీ తాగినప్పుడల్లా ఆ పేర్పు కళ్ళబడేది. పడనీ, నెగ్గింది తనే కదా అనుకునేది.

ఇప్పుడు చేతిలో ముప్పై ఆరు ఈగల అట్ట పట్టుకుని, రోస్వీటా కంచె తలుపు తన్నుకుంటూ వెళ్ళింది. కాస్పర్ ఆ చెట్టు మొద్దు మీదే కూర్చుని చాకుతో సాసేజి తోలు తీస్తున్నాడు.

"ఏం పెంచుతున్నావయ్యా ఇక్కడ?" అంది అట్ట అతని ముక్కు ముందు ఆడిస్తూ. "చెట్టు కొట్టేసినా ఈగలు తగ్గలేదు. కట్టెల్లో దాచావా, కొట్టంలో దాచావా?"

"రండి, కూర్చోండి. వేసేందుకు కుర్చీ లేదు, ఏమీ అనుకోకండి" అన్నాడు కాస్పర్.

"ఆ మర్యాదలు ఆపు. అడిగినదానికి చెప్పు."

"ఈ అట్ట ఎక్కడిది? కంచె పక్కదా, నడిమిదా?"

"ఎక్కడిదైతే నీకెందుకు?"

"నడిమిదే. కంచె పక్కన రెండో మూడో ఉంటాయి." కాస్పర్ సాసేజి ముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు. "అంతకు ముందేడు పద్దెనిమిది పెట్టెలు. కిందటేడు ఇరవై రెండు. గోదాం నుంచి తిరిగొచ్చారు. ట్రాక్టరు ఇంజను కూడా ఆపలేదు. పెట్టె తరువాత పెట్టె ఎత్తి నడిమి వరసల కింద కుమ్మరించారు. చివరి పెట్టెనైతే కాలితో తన్నారు. కుడికాలితో. మా వంటింటి కిటికీలోంచి నాకు సినిమా చూసినట్టు కనపడింది."

నిజమే. ఆ రెండు రోజులూ కోపంతో ఆమెకు కళ్ళు కనపడలేదు. కోళ్ళు తింటాయిలే అనుకుంది. ఎర్విన్‌కు మాత్రం, సారా కాచే ముసలాయన వచ్చి సరుకు పట్టుకెళ్ళాడని అబద్ధం చెప్పింది.

"పురుగు పట్టిన పండు చెట్టు కింద పోస్తే ఏమవుతుందో చెర్రీ రైతు బిడ్డకు నేను చెప్పాలా?" అన్నాడు కాస్పర్. "పండులోంచి దిగి మట్టిలో దూరుతుంది. చలికాలమంతా హాయిగా పడుకుంటుంది. మేలో రెక్కలు కట్టుకుని లేస్తుంది, తలెత్తితే పైన అదే చెట్టు. ఇక కంచె అవతలి నా చెట్టుతో దానికేం పని?"

"చూసినవాడివి అప్పుడే ఎందుకు చెప్పి చావలేదు?"

"చెబుదామనే వచ్చాను, నిచ్చెన అడిగిన రోజున. ముందు నిచ్చెన అడిగి, తరువాత ఈ మాట చెబుదామనుకున్నా. నిచ్చెన విరిగిందన్నారు." చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీకు ఒక తోట, నాకు ఒక చెట్టు. నాది పోయింది. ఇక మీది ఎలా ఉంటుందో చూద్దామని రోజూ కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను."

ఆమెకు అతన్ని ఆ మొద్దు మీదినుంచి తోసెయ్యాలనిపించింది. తోసినా ఏం లాభం? ఈగలు లేవకముందే చెట్ల కింద సన్నటి వల పరిచి అంచులు మట్టిలో కప్పి ఉంటే అవి వల కిందే చచ్చేవి. అప్పుడు ఆమె కాస్పర్ కట్టెల పేర్పు చూసుకుంటూ కాఫీ తాగుతోంది. ఇప్పుడు పరిస్తే, తలుపు తెరిచి దొంగను పంపించి తాళం వేసినట్టే. ఇంటికొచ్చి ఎర్విన్‌కు ఒక్క ముక్క చెప్పలేదు. సేంద్రియానికి ఒప్పుకునే, ఈగలకు పట్టి చంపే బూజుతో చేసిన మందు తెప్పించి వారానికోసారి కొట్టింది. కొట్టిన ప్రతిసారీ మర్నాడే వాన పడి కడిగేసింది.

జూన్ నెలాఖరున పండ్లు కోసి గోదాంకు తీసుకెళ్ళారు. ఎర్విన్ కావాలనే సెలవు పెట్టి కూడా వచ్చాడు. ఒట్టీలియా వంద పండ్లు నలిపి ఉప్పునీళ్ళలో వేసింది. ముగ్గురూ గిన్నె మీదికి వంగారు. తెల్లటివి ఒకటొకటే పైకి తేలాయి. పదకొండు దాకా లెక్కపెట్టి ఒట్టీలియా గిన్నె మీద మూత పెట్టేసింది.

"నన్ను తిట్టకు రోస్వీటా, నీళ్ళదే తప్పు" అంది నవ్వించబోయి. ఎవరూ నవ్వలేదు.

ఎర్విన్ గేటు దగ్గర ట్రాక్టరు ఆపి, "అక్టోబరులో కొట్టించేద్దాం" అన్నాడు.

అప్పుడు చెప్పింది. ఒక్కసారిగా, ఏడుస్తూ, మొత్తం చెప్పేసింది. రెండేళ్ళూ తనే పండ్లు చెట్ల కింద పారబోశాననీ, ముసలాయన పట్టుకెళ్ళాడన్నది అబద్ధమనీ, ఈగలు తన నేలలోంచే లేస్తున్నాయనీ చెప్పింది. ఈ సరుకును ఊరి బయట పూడ్చేద్దాం, వచ్చే ఏప్రిల్లో వల పరుద్దాం, ఒక్క ఏడాది ఇవ్వమని బతిమాలింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. అది అలవాటు లేని ఎర్విన్ ఒక్క అక్షరం నమ్మలేదు.

"మొదట వాన అన్నావు. తరువాత కాస్పర్ చెట్టన్నావు. ఒక మనిషి తాతల చెట్టు కొట్టించావు. ఇప్పుడు చెట్లు పోతాయనేసరికి ఇంకో కథ అల్లావు."

"కథ కాదు ఎర్విన్! వచ్చి చూడు, నడిమి వరసల కింద ఎన్ని గింజలున్నాయో!"

"చెర్రీ చెట్ల కింద చెర్రీ గింజలు ఉండక బంగాళాదుంపలుంటాయా?"

"ఆ సారా ముసలాయన్ని అడుగుదామంటే..."

"అడుగు. కిందటి చలికాలం సమాధి చేశాం, వెళ్ళి అడుగు."

రోస్వీటా కంచె వైపు చూసింది. ఇక మిగిలింది ఒక్కడే. ఆ పేరు ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు. చెట్లు గుర్తొచ్చి ఎత్తింది.

"కాస్పర్ చూశాడు. రెండుసార్లూ చూశాడు. పెట్టెలెన్నో కూడా చెప్పాడు."

ఎర్విన్ ఆగాడు. "కాస్పర్ నోటితో ఆ మాట అంటే ఒక్క ఏడాది ఆగుతాను. వాడికి నీ మీద జాలిపడి అబద్ధమాడే అవసరం లేదు."

ఇద్దరూ కంచె దాటి వెళ్ళారు. కాస్పర్ మొద్దు మీద నుంచి లేచి ఎర్విన్‌కు చెయ్యి కలిపాడు. ఎర్విన్ అడిగాడు. కాస్పర్ రోస్వీటా వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది.

"చెప్పు కాస్పర్. నేను నీకు చేసింది తప్పే. ఒప్పుకుంటున్నా. నువ్వు చూసింది చెప్పు చాలు."

"నేనా? చూడటమా?" అన్నాడు కాస్పర్. "నాకు కళ్ళు ఆనవు కదండీ. కంచె దాకా ఏముందో కూడా కనపడదు. పంచాయతీ కాగితాల్లో ఉంది, మీ దస్తూరీతోనే."

"కాస్పర్!"

"పద్దెనిమిది పెట్టెలో, ఎనభై పెట్టెలో, గుడ్డివాణ్ణి నాకేం తెలుస్తుంది?" ఎర్విన్ వైపు తిరిగాడు. "చెట్లు కొట్టించాలనుకుంటే నాకు చేసిపెట్టినతను మంచి పనివాడు. కొమ్మా రెమ్మా మిగల్చడు. నంబరు ఇవ్వనా?"

ఎర్విన్ ఫోను తీసి, అంకెలు నొక్కడానికి దాని మీదికి తల వంచాడు. కాస్పర్ చొక్కా జేబులోంచి నలిగిన చీటీ ఒకటి తీశాడు. వేలెడు లేదు. కళ్ళజోడు లేకుండా, చెయ్యి చాపి పట్టుకుని, అందులోని చీమతలకాయంత అంకెల్ని ఒక్కొక్కటే చదివాడు. ఎక్కడా తడబడలేదు.

"చూడు ఎర్విన్, చూడు!" అని అరిచింది రోస్వీటా. "చీటీ చదువుతున్నాడు! అతనికి కళ్ళు శుభ్రంగా కనపడతాయి. ఎప్పుడూ కనపడతాయి!"

ఎర్విన్ తలెత్తేసరికి చీటీ మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. అతను కాస్పర్‌ను చూడలేదు, భార్యనే చూశాడు.

"మరి కనపడవని పంచాయతీకి ఎందుకు రాశావు?" అన్నాడు.

చివరి రెండంకెలు సరిగా వినపడలేదని ఎర్విన్ మళ్ళీ అడిగాడు. కాస్పర్ ఈసారి చీటీ చూడకుండానే చెప్పాడు.