నడుము చూపించిన మనిషి

ఆఫీసులో ఆమెకు భూతద్దం అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకు తెలుసు. ఎత్తు మీద పనిచేసేవాళ్ళు నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టులు మనిషి బరువు ఆపుతాయో లేదో పరీక్షించి, సరుకు బయటికి పంపవచ్చని సంతకం చేయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. అందువల్ల ఇంట్లో కూడా టమాటాలను వెలుతురుకు పట్టి చూస్తుందని భర్త ఏడిపిస్తుంటాడు.

ఈసారి వచ్చింది రెండు రోజుల పని మీద. ఊరి చివరనున్న ఫ్యాక్టరీలో నాలుగు వేల బెల్టులు సిద్ధంగా ఉన్నాయి. బస మాత్రం ఊరి నడిబొడ్డున, నిలువెల్లా గాజు తొడుక్కున్న కొత్త హోటల్లో. పొద్దున్నే బ్యాగుతో కౌంటరు దగ్గర నిలబడితే అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

"మీ రూము మార్చాం మేడమ్. పధ్నాలుగో అంతస్తులో పెద్దది ఇచ్చాం."

"నేను అడగలేదే?"

"ఫ్యాక్టరీ మేనేజర్ గారు ఫోన్ చేశారు."

అంతే, ఆమె మనసులో అనుమానపు పురుగు దూరింది. గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద పళ్ళబుట్ట. దాన్ని తీసుకెళ్ళి వరండాలో పెట్టి తలుపు వేసుకుంది. అద్దం వెనక వేలితో తట్టి చూసింది. కుర్చీ ఎక్కి సీలింగుకున్న పొగ పసిగట్టే డబ్బాని పరిశీలించింది. ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం ఆమెకు ఎప్పుడూ ఊరటనివ్వదు.

ఫ్యాక్టరీలో మేనేజరు గేటు దాకా ఎదురొచ్చాడు. మాటలన్నీ తేనెలో ముంచి తీసినట్టున్నాయి. "రూము నచ్చిందా మేడమ్? ఎండన పడి వచ్చారు, కాస్త కూర్చోండి" అంటూనే, గది మధ్యలో బల్ల మీద వరసగా పేర్చిన ముప్ఫై బెల్టులు చూపించాడు. "మీకు శ్రమ లేకుండా తీయించి పెట్టాం. వీటిలో మీ ఇష్టం."

ఆమె పన్నెండు ఏరి, లాగి చూసే యంత్రానికి బిగించింది. పన్నెండూ నిలిచాయి. ఒక్క కుట్టు కూడా సాగలేదు. తప్పు దొరకలేదని సంతోషించాల్సింది పోయి ఆమెకు ఇంకాస్త చిరాకు వేసింది. కుట్లు తీరిగ్గా లెక్కపెట్టుకోవడానికి మరో మూడు బెల్టులు రాసిచ్చి తీసుకుని, నాలుగింటికల్లా హోటలుకు వచ్చేసింది.

మూడింటినీ మంచం మీద పరిచి, కాగితాలు పక్కన పెట్టుకుని, ఒక్కో కుట్టే లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి పక్క మీద నీడ పడింది. తలెత్తింది. గాజు గోడ అవతల తాడుకు వేలాడుతూ ఒక మనిషి. చేతిలో తడి బ్రష్షు. అద్దం తుడవడం లేదు. కళ్ళు చిట్లించి లోపలికే చూస్తున్నాడు, సరిగ్గా కాగితాలు ఉన్నవైపే. ఆమె చూడగానే వేళ్ళతో అద్దం మీద టకటకా కొట్టాడు. ఆమె విసురుగా లేచి తెర లాగేసింది.

భర్తకు ఫోన్ చేసి జరిగింది చెప్తే అతను నవ్వాడు.

"అద్దాలు తుడిచేవాడు అద్దంలోంచి చూడక ఎక్కణ్ణించి చూస్తాడే?"

"మీకన్నీ తమాషాలే. రూము మార్పించింది మేనేజరు. బెల్టులు ఏరి పెట్టించింది మేనేజరు. ఇప్పుడు కిటికీ దగ్గర మనిషి. నేనేం రాస్తున్నానో చూసి చెప్పడానికి కాకపోతే ఎందుకు?"

"ఏమో తల్లీ. తెర వేసుకుని పడుకో."

మర్నాడు ఉదయం ఆమె తయారై తెర కొద్దిగా జరిపింది. నిన్ననే తుడిచిన అద్దం అది, తళతళలాడుతోంది. అయినా అతను మళ్ళీ వచ్చాడు. పక్క వరసలో తుడుస్తున్నవాడల్లా కాళ్ళతో గోడను తన్ని, ఊగి ఆమె కిటికీ ముందుకు చేరాడు. ఆమెను చూసి ఒక చేత్తో తన నడుము పట్టుకుని, ముందుకీ వెనక్కీ గుంజి చూపించాడు. పెదవులు ఏదో అంటున్నాయి. గాజు అవతల మాట వినబడదు.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఛీ!" అని తెర లాగి, కిందికి ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా ఫిర్యాదు చేసింది. పావుగంటలో జవాబు వచ్చింది. "క్షమించండి మేడమ్, అతన్ని పనిలోంచి తీయించేశాం. ఇక మీ కంట పడడు." ఆమెకు కొంచెం ఊపిరి ఆడింది.

కాసేపటికి గది శుభ్రం చేసే ఆవిడ దుప్పట్లతో వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మంచం మీది బెల్టులు చూడగానే ఆగిపోయింది. ఆమెను కిందనుంచి పైదాకా చూసింది.

"వీటిని అమ్మేది మీరేనా?"

"కాదు. ఎందుకడుగుతున్నారు?"

ఆవిడ దుప్పటి విదిలిస్తూ పుల్ల విరిచినట్టు అంది. "మా మరిది ఇలాంటి బెల్టుతోనే వేలాడతాడు. ఈ అద్దాలు తుడిచేది అతనే. ఇప్పుడే పని పోయి కింద కూర్చున్నాడు. బెల్టు కంపెనీవాళ్ళు వచ్చారు వదినా, బెల్టు ఎట్లా ఊడుతోందో చూపిద్దామంటే తెరేసుకుంటున్నారు అని నిన్ననే చెప్పాడు. మీరు చూడదలుచుకోలేదని అప్పుడే అనుకున్నా."

భూతద్దం బెల్టులు చంకన పెట్టుకుని లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది.

హోటలు వెనక సామాన్లు దించే చోట అతను తాడు చుట్టుకుంటున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"మీరేగా కంప్లైంటు ఇచ్చింది?"

"నేనే. పొరపాటు పడ్డాను. నేను కంపెనీ మనిషిని కాను, బెల్టులు పరీక్షించేదాన్ని. మీది ఒకసారి చూపించండి."

"చూపిస్తే? సాక్ష్యం లేకుండా పట్టుకుపోతారా?"

"మీ చేతిలోనే పట్టుకోండి. నేను చూస్తాను."

కాసేపు ఆమె ముఖంలోకి చూసి, అయిష్టంగానే బెల్టు విప్పి, కొక్కెం దగ్గర మడత తిప్పి చూపించాడు. ఫ్యాక్టరీ ముద్ర అదే. లోపలి కుట్టు సగం కుళ్ళి పొడిలా రాలుతోంది. పైన చెప్పులు కుట్టేవాడి చేత వేయించిన నల్లదారం.

"నాలుగు నెలలైంది కొని. సబ్బునీళ్ళు తగిలిన ప్రతిదీ ఇంతే. మా సూపర్‌వైజరుకు చెప్తే, ఒళ్ళు తగ్గించుకో అన్నాడు."

ఆమె ఆ కుళ్ళిన లోపలి కుట్టులోంచి పోగు ఒకటి, తన బెల్టులోంచి ఒకటి లాగి, అతని దగ్గరున్న అగ్గిపెట్టె అడిగింది. తన పోగు కరిగి చిన్న గట్టి పూసలా ముడుచుకుంది. అది నైలాను. అతని పోగు భగ్గుమని మండి బూడిదైపోయింది. అది నూలుదారం. నీళ్ళలో నాని చీకిపోయేది. అతనికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"అంటే మీకు మంచివి, మాకు ఇవి" అన్నాడు.

ఆ పాత బెల్టు ఇవ్వమని అడిగితే మొదట ఇవ్వనన్నాడు. రసీదు రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. ఆమె వేలిముద్ర కూడా వేయించుకునేవాడేమో, సిరా లేక ఊరుకున్నాడు.

ఫ్యాక్టరీలో ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చోలేదు. బల్ల మీద మళ్ళీ పేర్చి ఉంచిన బెల్టుల జోలికి పోలేదు. నేరుగా గోదాములోకి నడిచి, అట్టపెట్టెల దొంతరలో అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని లాగించింది. మేనేజరు వెంటపడ్డాడు.

"అవి ఎక్స్‌పోర్టువి కావు మేడమ్... అంటే... ఇక్కడే అమ్మే లోకల్..."

"లోకల్ వాళ్ళు పడితే దెబ్బ తగలదా?"

ఆమె పదిహేను బెల్టులు తీసి అక్కడే ఒక్కో పోగు వెలిగించింది. పదకొండు బూడిదయ్యాయి. మేనేజరు ముఖం మాడిపోయింది. సంతకం పెట్టాల్సిన కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, సరుకు కదలకూడదని రాసి, గోదాము తలుపుకు సీలు వేయించింది. అమ్మేసిన పాతవి కూడా వెనక్కి తెప్పించాలని ఫ్యాక్టరీకి నోటీసు రాసింది.

తిరుగు ప్రయాణానికి ముందు హోటలు మేనేజరు దగ్గర కూర్చుని తన ఫిర్యాదు తప్పని రాసిచ్చింది. "అతను కాంట్రాక్టరు మనిషి మేడమ్, మా చేతిలో లేదు" అన్నాడాయన. అయితే ఆ కాంట్రాక్టరును పిలవమని అక్కడే కూర్చుంది. ఆయన వచ్చేసరికి రెండు గంటలు పట్టింది, ఆమె రైలు వెళ్ళిపోయింది. చూస్తానన్నాడు తప్ప మాట ఇవ్వలేదు. రైలు పోయినందుకు ఆమెకు బాధ లేదు. గాజు అవతల ఒక మనిషి తన ప్రాణం సంగతి చెప్పుకుంటుంటే తాను ఛీ అన్నదే ఆమెను వదలడం లేదు.

మూడు వారాల తర్వాత, రసీదు మీద ఆమె రాసిచ్చిన నంబరుకు ఫోన్ వచ్చింది. గది శుభ్రం చేసే ఆవిడ. మరిదిని మళ్ళీ తీసుకున్నారట, ఈ హోటల్లో కాదు, పక్క వీధిలో ఆసుపత్రి భవనానికి. అందరికీ కొత్త బెల్టులు వచ్చాయట. "ఇదిగో, మీతో మాట్లాడతాడంట" అని ఫోన్ ఇచ్చింది.

"మేడమ్, ఈ కొత్తవి మీరే పరీక్ష చేశారా?"

"నేనే చేశాను."

"అన్నీ?"

"వందకు పది చొప్పున."

"మిగతా తొంభై సంగతి?"

"కొక్కెం దగ్గర మడత లోపల దారం కొస కొంచెం వదిలి ఉంటుంది, చూడండి. దాన్ని కత్తిరించి వెలిగించండి, బెల్టుకేం కాదు."

"ఉండండి" అన్నాడతను. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. ఆమె ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడింది.

"పూస కట్టింది" అన్నాడు చివరికి. "మా వాళ్ళవి ఇంకో ఆరున్నాయి. అవీ చూసి ఫోన్ పెట్టేస్తాను, లైన్లో ఉండండి."