వద్దనేవాళ్ళు చేతులెత్తండి

ఆ పొద్దున మబ్బు పట్టింది గాని వాన పడలేదు. ఎండా రాలేదు. మున్సిపల్ కౌన్సిల్ మెంబర్లలాగే అదీ ఎటూ తేల్చకుండా ఊరిమీద కూర్చుంది.

దర్జీ తన మెషీను మీద గుడ్డ కప్పి చెప్పులు తొడుక్కున్నాడు. బజారు వార్డుకు ఆయనే మెంబరు. ఊళ్ళో ఇకమీదట నాలుగంతస్తులకు మించి కట్టకూడదన్న తీర్మానం మీద ఇది మూడో మీటింగు. మొదటి రెండూ కాఫీలు తాగి లేవడంతోనే సరిపోయాయి.

తమ్ముడు రైలింగు పట్టుకుని మేడమెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. కత్తిరించేది వాడు, కుట్టేది ఈయన. కింద కొట్టు, పైన కాపురం. ఆ పాత ఇంటిని పడగొట్టి తొమ్మిదంతస్తులు లేపుతాననీ, మెట్లెక్కే పని లేకుండా కిందే ఇల్లిస్తాననీ బిల్డరు మాటిచ్చాడు. నాలుగే అయితే తనకు గిట్టదని కూడా చెప్పేశాడు.

"ఇవాళైనా తేలుస్తారా అన్నయ్యా, మళ్ళీ నానబెడతారా?"

"తేలుతుందిలే."

"నా మోకాళ్ళు గుర్తుంచుకో. అంతకంటే ఏం అడగను."

దర్జీ వీధిలోకి దిగాడు. వెలుతురుకు అడ్డంగా ఇక మేడలు లేవనివ్వనని, ఓటేసిన వీధికి ఆయన ఇచ్చిన మాట ఒకటుంది. వీధి చివర అద్దాల మేడ లేచినప్పటినుంచి దాని వెనక కొట్లలో మిట్టమధ్యాహ్నం దీపాలు వెలుగుతున్నాయి. అక్కడి ముసలి దర్జీ ముదురు నీలం కోటుకు నల్లదారంతో కాజాలు కుట్టి నానామాటలూ పడ్డాడు. తప్పు చేతిది కాదు, వెలుతురుది.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి లేదు. ఊరు ఎదగాలన్నవాళ్ళూ, ఊపిరాడాలన్నవాళ్ళూ పాడిందే పాడి గొంతులు ఎండగట్టుకున్నారు. చివరికి ఎవరో, తీర్మానం సరే, దర్జీ కొట్టున్న పాత బజారుకు మాత్రం మినహాయింపు ఇవ్వాలని మెలిక పెట్టారు. ఛైర్‌పర్సనమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది.

"సరే. మినహాయింపు వద్దనేవాళ్ళు చేతులెత్తండి."

"కావాలంటే దించాలి, వద్దంటే ఎత్తాలి! మా ఆవిడ కూడా ఇంత మెలితిప్పి అడగదమ్మా," అన్నాడు మందుల షాపాయన. ఆయన మినహాయింపు వైపు మనిషి. నవ్వడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది.

చేతులు లేచాయి. దర్జీ కాక మిగిలినవాళ్ళలో సరిగ్గా సగం. దర్జీ ఒళ్ళో ఉన్న తన చేతివంక చూసుకున్నాడు. తడిసిన కంబళిలా ఉంది. ఎత్తాడు.

పక్కనున్న మందుల షాపాయన మోచేత్తో పొడిచాడు. "దించండి మాస్టారూ! ఇది వద్దనేవాళ్ళది. మీ తమ్ముడిల్లు ఏమైపోతుంది?"

"పొరపాటైతే చెప్పండి," అంది ఛైర్‌పర్సనమ్మ. "ఇంకా లెక్కెయ్యలేదు. నేనడిగిన తీరు నాకే అర్థం కాలేదు."

దర్జీ దించలేదు. లెక్క తేలేసరికి భుజం లాగేసింది. ఆ ఒక్క చేతితో మినహాయింపు వీగిపోయింది.

ఆయనకంటే ముందే కబురు ఇల్లు చేరింది. తమ్ముడు కొట్లో కత్తిరింపు బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"పొరపాటున ఎత్తావటగా? మందుల షాపాయన ఫోన్ చేశాడు. మీ అన్నయ్య కునుకులో ఉన్నాడులే అన్నాడు."

అబద్ధం వండి వార్చి ముందు పెట్టినట్టుంది. ఊఁ అంటే చాలు.

"కునుకేం లేదురా. తెలిసే ఎత్తాను."

తమ్ముడు ఆయన ముఖంలోకి చూశాడు. "చెయ్యెత్తానంటావేం? నా విషయంలో చేతులెత్తేశానని చెప్పు."

దర్జీ వంగి చెప్పులు విడిచాడు.

"బావగారూ, కంచాలు పెట్టాను," అని మరదలు పైనుంచి పిలిచింది.

తమ్ముడు రైలింగు పట్టుకున్నాడు. అన్న చంక కింద చెయ్యి వెయ్యబోతే విదిలించుకున్నాడు. వాడు ఒక మెట్టెక్కి ఆగితే, ఈయన కింది మెట్టు మీద ఆగుతూ వెనకే ఎక్కాడు.

ముగ్గురూ కూర్చున్నారు. మరదలు ఇద్దరి ముఖాలూ చూసి, అడగబోయింది మింగేసి వడ్డించింది. గ్లాసు నేలకు తగిలిన చప్పుడు, నమిలే చప్పుడు. మారు ఎవరూ అడగలేదు. కంచాలు ఖాళీ అయ్యేదాకా అంతే.