గోడ మీది లోలా

గ్రిమ్స్‌బీ రేవు నుంచి ఐస్‌లాండ్ వైపు చేపల వేటకు వెళ్లే ట్రాలర్ ఓడ మీద వాల్టర్ స్కెల్టన్ వంటవాడు. 1968 చలికాలంలో ఒకరోజు, నడిసముద్రంలో, సూప్ గిన్నె పట్టుకుని భోజనాల గదిలోకి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎదురు గోడ మీద మగవాళ్ల పత్రికలోంచి చింపిన రంగుల బొమ్మ. మెడలో ముత్యాల దండ తప్ప ఒంటి మీద ఇంకేమీ లేని అమ్మాయి నవ్వుతోంది. కింద ‘లోలా’ అని పేరు.

బొమ్మ అంటించిన క్లిఫ్, పెళ్లంటూ చేసుకుంటే ఇలాంటిదాన్నే చేసుకుంటానని కోతలు కోస్తున్నాడు.

“దాని పేరు లోలా కాదురా, గ్లెనిస్. మా అమ్మాయి” అన్నాడు వాల్టర్.

కందగడ్డలా అయిన మొహంతో క్లిఫ్ బొమ్మ పీకబోయాడు. కూతుర్ని చింపడం చూడలేనని, ముందు సూప్ చల్లారకుండా తాగమని చెప్పి వాల్టర్ వెళ్లిపోయాడు.

మర్నాటికి లోలా ఒంటి మీద మెడ దాకా నీలం స్వెట్టర్ వచ్చింది. క్లిఫ్ పెన్నుతో గీశాడు. వాల్టర్ దాన్ని చాలాసేపు చూసి, ఆ అల్లిక మన ఊరిది కాదని, పక్క రేవు హల్ వాళ్లదని వంక పెట్టాడు. అప్పుడుగానీ అందరి ప్రాణాలూ కుదుటపడలేదు.

రేవు దగ్గరపడేకొద్దీ వాల్టర్‌కు గుబులు మొదలైంది. చేపల ఫ్యాక్టరీ మానేసి లండన్ వెళ్లిన కూతురు, దుకాణాల్లో గౌన్లు వేసుకుని చూపించే పని అని చెప్పింది. ఓడ చేరిన రోజు పాతికేళ్ల గ్లెనిస్ లండన్ నుంచి తనే రేవుకు వచ్చింది, పొట్టి స్కర్టుతో, తెల్ల బూట్లతో.

“నీ ఫొటో చూశాను” అన్నాడు.

ఆమె తల దించుకోలేదు. “ముందే చెబితే ఏమనేవాడివి నాన్నా?”

“వద్దనేవాణ్ణి.”

“అందుకే చెప్పలేదు.”

“నాకది నచ్చలేదు తల్లీ. మొహం ఒక్కటే చూశాను. ఆ నవ్వు నిజమేనా?”

“నిజమే. ఐసులో చేతులు పగిలినన్నాళ్లూ నేనలా నవ్వలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు బాగుంది.”

వాల్టర్ ముక్కు చీదుకుని, ఆమె పెట్టె అందుకున్నాడు. స్వెట్టర్ సంగతి చెబితే గ్లెనిస్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. వలల చాటున దాక్కున్న క్లిఫ్‌ను పిలిచి టీకి ఇంటికి రమ్మంది. అతను వాళ్లకు నాలుగడుగుల వెనక, నేల చూపులు చూస్తూ నడిచాడు.

ఇంట్లో భార్య ఐడాకు విషయం ఎలా చెప్పాలో తెలియక వాల్టర్ నసిగాడు. ఆమె సాసేజీలు వడ్డిస్తూ తలైనా తిప్పలేదు.

“నాకు ఈస్టర్ నుంచీ తెలుసు. ఆ పత్రిక తెప్పించుకునే మాంసం కొట్టువాడు అప్పట్నుంచీ నాకు మంచి ముక్కలే వేస్తున్నాడు. మరో సాసేజీ వేయనా, క్లిఫ్?”