టమాటా నారుకు ఎనిమిదో రోజు

“పురిటిబిడ్డనైనా ఇంత సుతారంగా తిప్పలేదమ్మా నువ్వు,” అన్నది అత్తగారు, కోడలు రెండు ట్రేల టమాటా నారును పెరట్లోకి మోసుకుపోతూ తలుపును మోచేత్తో నెడుతుండగా.

బిడ్డను తిప్పే తీరిక మీరిస్తే గదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, ఎప్పటిలాగే గుటకగా మారి లోపలికి పోయింది. ఆ గుటకలనే ఓర్పు అని ఆ ఇంట్లో అందరూ మెచ్చుకునేవారు. ఓర్పుకు భూదేవిని ఉపమానం చేసిన మహానుభావులెవరూ గోళ్లలో మన్ను దూరేదాకా పనిచేసి ఉండరని ఆమె అనుమానం. మన్ను ఓర్చుకోదు. ఎండితే పగులుతుంది, తడిస్తే జారుతుంది, గిట్టని విత్తును గుట్టుగా కుళ్లబెడుతుంది.

ఆ నాటికి ఎనిమిదో రోజు. ఇంటి వెచ్చదనంలో మొలిచిన నారును ఒక్కసారిగా చలిలో నాటితే మర్నాటికి వాడి చస్తుంది. అందుకని మొదటిరోజు గంటసేపు నీడలో, రెండోరోజు రెండు గంటలు, ఆపైన కాస్త ఎండ, కాస్త గాలి, పొద్దువాలకముందే మళ్లీ లోపలికి; ఇలా పది రోజుల వ్రతం. వారం పాటు భోజనవేళ అన్నం మాని, సైకిలు తొక్కుకుంటూ వచ్చి ట్రేలను ఎండలోంచి నీడకు జరిపి, మళ్లీ పనికి పరుగెత్తింది. ఎనిమిదో రోజు నుంచి పగలంతా బయటే ఉంచవచ్చు గనుక ఆ పరుగు తప్పింది.

ఇదంతా సగం బల్ల కోసం. ఊరివాళ్లంతా వాటాలుగా పంచుకునే తోటలో హీటరు లేని గ్రీన్‌హౌస్ ఒకటుంది. అందులో మన్ను నింపిన బల్లలో సగానికై ఆమె మూడేళ్లు వేచి ఉంటే ఈ ఏడు పేరు వచ్చింది. షరతు ఒక్కటే. ఆదివారం ఉదయానికి ఇరవై మొక్కలు నాటి ఉండాలి. లేకుంటే ఆ చోటు వరుసలో తరువాతివారిది. ఆమె దగ్గర ఉన్నవి ఇరవై నాలుగు.

“ఇల్లంతా నీదే కదా, ఇంకా ఎక్కడో చోటు దేనికి?” అన్నాడు భర్త, పేరు వచ్చిన నాడు. ఇల్లంతా తనదైన మాట నిజమే; ఊడ్చేటప్పుడు. కూర్చుందామంటే మాత్రం, స్నానాలగది తలుపు కూడా రెండు నిమిషాలకొకసారి ఎవరో తట్టేవారు.

భర్తకు ఆమె మనసులో పెట్టుకున్న పేరు అశరీరవాణి. పురాణాలలో అది ఆకాశం నుంచి జరగబోయేది చెబుతుందే గాని, ఎవరికీ చెంబెడు నీళ్లు అందించిన దాఖలా లేదు. ఆయనా అంతే. పొయ్యి పక్కనే కూర్చుని “పాలు పొంగుతున్నాయి” అనేవాడు. వానను కిటికీలోంచి చూస్తూ “బట్టలు తడుస్తున్నాయి” అనేవాడు. ఊయల పక్కన పడుకుని “పిల్ల ఏడుస్తోంది” అనేవాడు. ఇరవై రెండేళ్లుగా చెప్పడం ఆయన వంతు, లేవడం ఆమె వంతు. “మావాడి కంట పడనిదంటూ ఉండదు,” అని అత్తగారు మురిసిపోయేది.

ఆ రోజు, తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో ఆమె ఒక పెద్దమనిషి చెవి వెనుక ఫ్రేము వంపు సరిచేస్తుండగా గాలి లేచింది. ఒంటిగంట దాటింది. దుకాణం ముందు కట్టిన గుడ్డబోర్డు అప్పటిదాకా చలనం లేకుండా వేలాడి, ఒక్కసారి టపటపా కొట్టుకున్నది. ఆమె ఇంటికి ఫోను చేసింది.

“ఏమండీ, గాలి లేచింది. ట్రేలు కాస్త లోపల పెట్టండి.”

“చూస్తూనే ఉన్నాను. ఒకటి బోర్లాపడింది.”

“పడితే లేపండి.”

“అవి నీవి. ముట్టుకుంటే ఆకు రాలిందంటావు, వేరు కదిలిందంటావు. నాకెందుకొచ్చిన గొడవ?”

“మా అమ్మాయికి కొంచెం తోటపిచ్చి లెండి,” అన్నాడు యజమాని ఆ పెద్దమనిషితో, నలభై ఆరేళ్ల మనిషిని చూపిస్తూ. ఆమె కళ్లజోడును ఆయన ముక్కుమీద నిలిపి, రెండువైపులా సరిచూసి, సరిపోయిందనిపించాకనే కోటు తీసుకుని బయటికి నడిచింది.

“పదకొండు పడ్డాయి,” అన్నాడు భర్త, ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే, కుర్చీలోంచి. “లెక్కపెట్టాను.”

“పోనీలే, పీడ వదిలింది,” అన్నది అత్తగారు. “ఆదివారం నీ ఆడపడుచు పిల్లలతో వస్తోంది. ఇంట్లో మనిషి ఉండాలిగా.”

“చెల్లెలికి చెప్పేశాను, నువ్వెక్కడికీ వెళ్లవని,” అన్నాడు ఆయన.

గాలి సోకని గోడవారన, ఇటుకలు ఆనించి మరీ పెట్టిన ట్రేలు. ఒకటి నిలిచే ఉన్నది. రెండోది బోర్లించి ఉంది, దాని ఇటుకలు రెండూ జానెడు దూరాన ఉన్నాయి. తొందరలో సరిగా ఆనించలేదేమోనని తననే తిట్టుకున్నది. తప్పెవరిదని వెతకబోతే ఆమె చూపు ఏనాడూ తన ఒంటిని దాటి పోలేదు.

ఏడవలేదు. వంగిన కాడలను తడిగుడ్డలో చుట్టి, ట్రేలను సరుకుల బండిలో సర్దింది. అల్మరాలోంచి పూల దుప్పటి తీసింది.

“అది పిల్ల వస్తే పరిచేది,” అన్నది అత్తగారు.

“తెలుసు అత్తయ్యా. రాత్రికి చలి ఎక్కువట,” అని బండి నెట్టుకుంటూ వెళ్లిపోయింది.

గ్రీన్‌హౌస్‌లో అద్దాల మీద సాయంకాలపు ఎండ ఇంకా ఉన్నది. టమాటా కాడకు ఒక గుణముంది. ఎంతవరకు పూడ్చితే అంతవరకూ వేరు పోసుకుంటుంది. మూడు మొక్కలు కాడ మొదలుకే తెగిపోయాయి. తక్కిన ఎనిమిదింటిని పడుకోబెట్టి, మెడదాకా మన్ను కప్పింది. చెక్కుచెదరని వాటిని పక్కనే నాటింది. పదమూడు, ఎనిమిది. ఇరవై ఒకటి. దుప్పటి విప్పబోతుంటే ఫోను మోగింది. ఆడపడుచు.

“వదినా, ఆదివారం పదింటికల్లా దిగిపోతాం. నీ నారంతా గాలికి పడిపోయిందటగా, పాపం. అన్నయ్య చెప్పాడు.”

“ఎప్పుడు చెప్పారమ్మా?”

“పొద్దున్నే. పదకొండు కూడా కాలేదు, నేను అప్పుడే ఆఫీసు మెట్లెక్కుతున్నా. ఏం వదినా?”

పదకొండింటికి ఆకు కదల్లేదు. గుడ్డబోర్డు వేలాడుతూనే ఉంది. గాలి లేవడానికి ఇంకా రెండు గంటలుంది.

ఆమె దుప్పటిని మెల్లగా విప్పి, మొక్కల మీద ఆకు నలగకుండా పరిచి, అంచులకు రాళ్లు పెట్టింది. అవతల ఆడపడుచు “వదినా, ఉన్నావా?” అంటూనే ఉంది.

“ఉన్నానమ్మా. మీరంతా తప్పకుండా రండి. నేను మాత్రం ఆదివారం పొద్దున్నుంచీ ఇక్కడే తోటలో ఉంటాను. వంట మీ అన్నయ్య చేస్తారు. ఆయనకు చేతులు పనిచేస్తాయని నాకు ఇవాళే తెలిసింది.”