విప్పొద్దన్న ముడి

పొద్దున్న లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని కత్తెర వెతుక్కోవడం. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో తాడన్నది కుదురుగా ఉండదు. తెల్లారేసరికి కర్టెన్ తాడు, సంచి తాడు, బూట్ల లేసులు, అన్నీ వాటంతటవే ముడులు పడి కూర్చుంటాయి. చుట్టుపక్కల వాళ్లకిదేం వింత కాదు. "ఒంటరి కొంప కదా, పడతాయి," అనేసి ఎవరి పనికి వాళ్లు పోయేవారు. చూపు ఆనక, విప్పలేక, ఆవిడ కత్తిరించీ కత్తిరించీ, బట్టలారేసే దండెం కాస్తా జానెడైంది. ఇంక దానిమీద ఏం ఆరేస్తుంది, తన మొహం!

పై వాటాలో ఉండే నర్సుకి నాలుగేళ్ల కూతురు. చెంచా అయినా పెన్సిలైనా గుప్పిట బిగించే పట్టుకుంటుందని దానికి పిడికిలి అని పేరు పడింది.

"డాక్టరుకి చూపించా, మందులేం అక్కర్లేదట పిన్నిగారూ, వేళ్లకి ఆటలు కావాలట," అంది నర్సు. "డ్యూటీ అయ్యేదాకా మీ దగ్గర ఉంచుకుంటారా?"

"ఆటలకేం తల్లీ, నా ఇంట్లో ముడులకి కరువా!"

పిల్ల మొదట్లో పళ్లతో పీకింది, ఏడ్చింది, "ఛీ, పాడు ముడీ!" అని తాడుని తిట్టింది. టైలరమ్మ పగలబడి నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో! పోగా పోగా పిల్ల బొటనవేలికీ చూపుడువేలికీ స్నేహం కుదిరింది. ముడి వీడినప్పుడల్లా "అమ్మమ్మా, వచ్చేసింది!" అని ఒకటే కేక. ఆ కేక కోసమే ఆవిడ సాయంత్రం దాకా కాచుకునేది.

ఓ రోజు నర్సు సంబరంగా వచ్చింది. "బొత్తాలు తనే పెట్టుకుంటోంది పిన్నిగారూ! ఆ ముడులేవో అయిపోతే ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. సాయంత్రాలు బళ్లోనే ఉంచుకుంటారట."

"మంచిదమ్మా," అంది టైలరమ్మ. మర్నాడు లేచి చూస్తే ఇంట్లో ఒక్క ముడీ లేదు. తాళ్లన్నీ బుద్ధిగా వేలాడుతున్నాయి. తలుపేసుకుని, దొంగలా కూర్చుని, సంచి తాడుకి తనే ఓ ముడి వేసింది.

సాయంత్రం పిల్ల దాన్ని రెండు వేళ్లతో నలిపి చూసింది. "ఇది ఇల్లు వేసింది కాదు. నువ్వేశావు."

"ఎలా తెలిసిందే?"

"వదులుగా ఉంది. నాకు తేలిగ్గా రావాలని వేశావు."

"ముడులు లేకపోతే నువ్వు రావు కదే," అంది ఆవిడ. ఇంక ఏడుపు ఆగలేదు.

పిల్ల తన జడ రిబ్బను లాగి, తలుపు గొళ్లేనికి ముడి వేయడం మొదలెట్టింది. ఎప్పుడూ విప్పడమేగానీ వేసిందెక్కడ? నాలుక బయటపెట్టి, చెమటలు పట్టేదాకా తంటాలు పడింది.

"దీన్ని విప్పకు అమ్మమ్మా. రేపొచ్చి నేనే విప్పుతా."

మర్నాడు, సాయంత్రాలు బళ్లో ఉండనంటే ఉండనని మొండికేసి మరీ వచ్చింది. విప్పింది. వెళ్తూ వెళ్తూ మళ్లీ వేసింది. రిబ్బను ఉండగా గొళ్లెం పడదు కదా, ఆ తలుపు ఇక మూసుకోలేదు.