తోడేలుకు వంట చేసిందెవరు?

మే పదహారు పొద్దున గుబ్బియో అనే కొండ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒకటే పని, తెల్ల ప్యాంట్లు ఉతకడం. ముందురోజు ఊరి మగవాళ్ళంతా తెల్ల ప్యాంట్లు, రంగు చొక్కాలు వేసుకుని, ముగ్గురు పునీతుల బొమ్మలున్న మూడు పెద్ద కొయ్య స్తంభాలను భుజాలకెత్తుకుని, వీధులన్నీ పరిగెత్తి కొండ మీది చర్చి దాకా పోయారు. దాన్ని పందెం అంటారు. ముందు ఊరి పునీతుడు ఊబల్దో, వెనక జార్జి, ఆ వెనక ఆంథోనీ. ఒకరినొకరు దాటడానికి వీల్లేదు. వందల ఏళ్ళుగా గెలిచేవాడే గెలుస్తున్నాడు. అయినా ప్రతి ఏడూ మగవాళ్ళు ఈసారి ఏమవుతుందో అన్నట్టు గొంతులు చించుకుంటారు. ఒర్నెల్లా మొగుడు మరీను, అతనికి ఆ పునీతుడి పేరే, ఊబల్దో. అతని ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి, తొడ మీద వైను, వెనక జేబు దగ్గర ఏమిటో అంతుబట్టని పచ్చమరక. సబ్బు రాసి బ్రష్షుతో రుద్దుతూ, ఈ పందెంలో గెలిచేదెవరో తెలిసినట్టే ఉతికేదెవరో కూడా ముందే తెలుసు కదా అనుకుంది ఒర్నెల్లా.

అప్పుడే ఊబల్దో వంటింటి గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఈసారి నూనె లేని తలుపులా ఏదో కిర్రుమంది.

"గొంతు పోయింది," అన్నాడు గుసగుసగా.

"ఎక్కడ పారేసుకున్నావు?"

"ఎకసెక్కాలు మాను. పదింటికి ఫెర్రారా ఊరి టీచర్లు వస్తున్నారు."

ఊబల్దో టూరిస్టు గైడు. మెడలో ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు బిళ్ళ, చేతిలో ఎర్ర గొడుగు, ఊళ్ళో మంచి పేరు. ఇవాళ వచ్చేది రిటైరయిన టీచర్లు, ఇరవై ముగ్గురు. పోనీ ఇంకో గైడును పంపుదామంటే ఆ రోజు గుబ్బియోలో గొంతున్న గైడు దొరకడు. అందరూ నిన్న అరిచినవాళ్ళే. ఒర్నెల్లా ముగ్గురికి ఫోను చేస్తే ముగ్గురూ అవతలి నుంచి గాలి ఊదారు.

పక్క గదిలోంచి అత్తగారు అస్సుంతా గొంతు మాత్రం లక్షణంగా వినిపించింది. "పిల్లా, వాడికి పాలల్లో తేనె కలిపి ఇవ్వు. నిన్న వాడలా అరుస్తుంటే గుక్కెడు నీళ్ళయినా ఇచ్చావా నువ్వు?"

"ఇచ్చాను అత్తయ్యా. ఆయన వైను తాగారు."

"నువ్విచ్చే తీరులో ఇచ్చుంటే తాగేవాడు."

పాలు తాగి ఊబల్దో ఒక ఉపాయం చెప్పాడు. గుంపులో అందరి చెవుల్లోనూ చిన్న రేడియోలు ఉంటాయి, గైడు మైకులో మెల్లగా మాట్లాడినా అందరికీ వినబడుతుంది. తను ఎప్పటిలాగే ముందు నడుస్తూ గొడుగెత్తి చూపిస్తాడు. మైకు ఒర్నెల్లా కాలరుకు పెట్టుకుని, గుంపుకు చివరన నడుస్తూ మాట్లాడుతుంది. లైసెన్సు లేనివాళ్ళు గుంపుకు ఊరు చూపిస్తే జరిమానా. కానీ చూపించేది తనే కదా, ఆమె ఉత్త నోరు.

"నీకన్నీ వచ్చుగా," అన్నాడు.

వచ్చు. రాకేం? ఇరవై రెండేళ్ళ కిందట అతను గైడు పరీక్షకు కూర్చున్నప్పుడు పుస్తకాలు చదివి నోట్సు రాసింది ఒర్నెల్లానే. చంటిపిల్లకు పాలిస్తూ అతనికి ప్రశ్నలు వేసేది. అతను తప్పు చెబితే పాప ఏడ్చేది, ఒప్పు చెప్పినా ఏడ్చేది. రెండోసారికి అతను పాసయ్యాడు. ఆమే రాసుంటే మొదటిసారికే పాసయ్యేది, కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, చాలా ఏళ్ళ దాకా ఆమెకూ తట్టలేదు. అప్పటినుంచి ఫోన్లు ఎత్తి బుకింగులు రాసుకోవడం ఆమె పని. ప్రతి టూరు తర్వాత పరాయి చెవుల్లో తిరిగొచ్చిన రేడియోలను ఒక్కొక్కటే స్పిరిట్టుతో తుడవడం ఆమె పని. ఈ ఏడు మళ్ళీ పరీక్ష పెడుతున్నారని తెలిసి, నెల కిందటే ఫోనులో దరఖాస్తు నింపి పెట్టుకుంది. 'పంపు' అన్న మీట ఒక్కటే మిగిలింది. ఊబల్దోకి చెబితే నవ్వాడు. "ఇంటికి ఒక గైడు చాలడా? ఇద్దరం కొండలెక్కితే అమ్మకి సూపు ఎవరు పెడతారు?" అన్నాడు. ఏకబిగిన పది నిమిషాలు నవ్వి, ఆ మాట భోజనాల దగ్గర బావగారికి చెప్పి మళ్ళీ నవ్వాడు. సరే అంటాడేమో, ఏదో ఒకరోజు మంచి మూడులో ఉన్నప్పుడు అంటాడేమో అని ఆమె ఆగింది. ఇవాళ ఆఖరి తేదీ.

బయల్దేరే ముందు అతను గుసగుసగా చెబుతుంటే ఒక అట్టముక్క మీద ఆమే రాసింది. 'క్షమించండి, గొంతు పోయింది. ఇవాళ నా మాటలు నా సహాయకురాలి గొంతులో వింటారు.'

"భార్య అని రాయనా?"

"బాగుండదు. సహాయకురాలు అంటే హోదాగా ఉంటుంది."

"ఎవరికి?" అంది ఒర్నెల్లా. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఫెర్రారా బల్లపరుపు ఊరు. అక్కడివాళ్ళు సైకిళ్ళ మీద పుట్టి సైకిళ్ళ మీదే ముసలివాళ్ళవుతారు. మొదటి వీధి సగం ఎక్కేసరికే సగంమంది గోడలు పట్టుకున్నారు. ఊబల్దో ముందు నిలబడి గొడుగు ఎత్తాడు. వెనక చివరన, ఇర్మా అనే సన్నటి పొడుగాటి టీచరమ్మ పక్కన నిలబడి, ఒర్నెల్లా కాలరులోకి చూస్తూ మొదలుపెట్టింది.

మొదటి అరగంట అప్పజెప్పినట్టే చెప్పింది. అయితే చిక్కొకటి వచ్చింది. అతను తన అలవాటు ప్రకారం తన వేగంలో చెయ్యి చూపిస్తాడు, ఆమె తన వేగంలో చెబుతుంది. ఆమె గంటస్తంభం గురించి చెబుతుంటే అతని గొడుగు మాంసం కొట్టు మీదికి పోయింది. ఇరవై ముగ్గురు మాంసం కొట్టును భక్తిగా చూశారు. ఒకాయన ఫోటో తీసుకున్నాడు. కొట్టువాడు బయటికి వచ్చి చొక్కా సర్దుకున్నాడు. ఇలా లాభం లేదని ఊబల్దో తన చెవిలోనూ ఒక రేడియో పెట్టుకుని, ఆమె మాట విని అటు చెయ్యి చూపడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అతను ఆమె చెప్పింది చెప్పినట్టు వినడం అదే మొదలు. ఆ సంగతి ఒర్నెల్లా వెంటనే గమనించింది. 'కుడివైపు' అంది, గొడుగు కుడికి తిరిగింది. 'కాదు, ఇంకొంచెం పైకి' అంది, పైకి లేచింది. లోపల ఎక్కడో కితకితలు పెట్టినట్టయింది ఆమెకు.

పాత ఇళ్ళ దగ్గర పెద్ద తలుపు పక్కన, నేలకు ఎత్తుగా ఉండే ఇరుకు తలుపును చూపిస్తూ ఊబల్దో ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఇది చచ్చినవాళ్ళ తలుపు, శవపేటికను దీంట్లోంచే దింపేవారు అని. ఒర్నెల్లా అది చెప్పి ఊరుకోలేకపోయింది. "అలా అంటారు. కాదనేవాళ్ళూ ఉన్నారు. మా ఇంటికీ ఇలాంటి తలుపుంది. నా కాపురమంతా అందులోంచి ఎవరూ పోలేదు. మేం చీపుర్లు పెట్టుకుంటాం," అంది. టీచర్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ముందున్న ఊబల్దో ఉలిక్కిపడి, శవపేటిక మోస్తున్నట్టు ఎత్తిన చేతులు దించాడు.

తోడేలు బొమ్మ దగ్గర మాత్రం ఆమె పూర్తిగా చెయ్యిదాటిపోయింది. ఈ ఊరికి ఒక తోడేలు కథ ఉంది. మనుషుల్ని పీక్కుతింటున్న తోడేలు దగ్గరికి ఫ్రాన్సిస్ పునీతుడు ఒంటరిగా వెళ్ళి, తమ్ముడూ అని పలకరించి, నువ్వు ఎవర్నీ చంపకు, ఊరు నీకు తిండి పెడుతుంది అని ఒప్పందం చేయించాడు. ఊబల్దో ఆ కథ చెప్పినప్పుడల్లా పంజా ఎత్తి, దించి, తల వంచి చూపిస్తాడు. అవాళా చూపించాడు. జనం చప్పట్లు కొట్టబోయారు.

"ఆగండి," అంది ఒర్నెల్లా గొంతు అందరి చెవుల్లో. "కథ అయిపోలేదు. పునీతుడు ఒప్పందం చేయించి తన దారిన పోయాడు. ఆ తోడేలు ఇంకా రెండేళ్ళు బతికింది. రోజూ ఇంటింటికీ వచ్చి తిని పోయేదట. రెండేళ్ళు! మరి వంట చేసిందెవరు? పునీతుడికి బొమ్మలున్నాయి, తోడేలుకూ ఉన్నాయి. 'అమ్మో, దానికి ఉప్పు పడదు, నిన్నటి మాంసం పెడితే వాసన చూసి పోతుంది' అని దానికి వేరే గిన్నె పెట్టిన ఆవిడ బొమ్మ నేనీ ఊళ్ళో ఎక్కడా చూడలేదు. మీకెక్కడైనా కనబడితే నాకు చెప్పండి. ఆవిడను నేను కలవాలి."

మగటీచర్లు నవ్వారు. ఆడటీచర్లు నవ్వలేదు, ఆగి నిలబడ్డారు. పక్కనున్న ఇర్మా తనలో తను అనుకుంటున్నట్టు, "ఎవరోగానీ ఈవిడ! ఆ ముందున్నాయన ఈమెకు ఉత్త చెయ్యి," అంది. ఒర్నెల్లా చెవుల దాకా ఎర్రబడింది. తన మాట బాగుందని ఒక మనిషి అనగా వినడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. వంట బాగుందన్నారు, ఇస్త్రీ బాగుందన్నారు. మాట బాగుందని ఎవరూ అనలేదు. ఏడుపొచ్చినంత పనయింది. బ్యాగులో ఉన్న ఫోను, అందులో నొక్కని మీట ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

పెద్ద చౌకు చేరాక టీచర్లు అంచు గోడ వెంబడి కూలబడి లోయను చూస్తూ ఆయాసం తీర్చుకుంటున్నారు. ఊబల్దో విసవిసా వచ్చి ఒర్నెల్లాను రెక్క పట్టుకుని పక్క మేడ కమాను కిందికి లాక్కుపోయాడు. గొంతు లేదు కాబట్టి మొహం ఆమె మెడలోకి దూర్చి మరీ తిట్టాడు. సరిగ్గా మైకులోకి. తన గుసగుస తన చెవిలోని రేడియోలోనే మోగుతున్నా ఆ కోపంలో పట్టించుకోలేదు.

"నీకేమైనా మతి పోయిందా? తోడేలుకి వంటెవరు చేశారని అడుగుతావా? నవ్వుతున్నారు జనం! నేను రాసుకున్నది చెప్పమంటే సొంత పైత్యమేంటి? నాలుగు ముక్కలు మాట్లాడగానే గైడువైపోయావా? పరీక్షకి కూర్చుంటుందట పరీక్షకి! అద్దంలో చూసుకున్నావా? సరే విను, పన్నెండున్నరకల్లా ఇంటికి పోయి అమ్మకి సూపు పెట్టు, ఉప్పు తగ్గించు. నా పసుపు చొక్కా మీద వైను మరక అలాగే ఉంది, నిన్న చూసుకోలేదా?"

అతని భుజం మీదుగా ఒర్నెల్లాకు చౌకంతా కనబడుతోంది. అక్కడ కూర్చున్న ఇరవై ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు చెవి మీద చెయ్యి పెట్టుకుంటున్నారు. నీళ్ళు తాగుతున్న ఆయన సీసా దించాడు. ఇర్మా తన రేడియోను చేతిలోకి తీసుకుని శబ్దం పెంచింది.

మైకు మీట ఒర్నెల్లా నడుము దగ్గరే ఉంది. బొటనవేలు దాని మీదికి పోయింది కూడా. ఎన్నేళ్ళ అలవాటు! అత్తగారు కసిరితే కిటికీ మూసేది. మొగుడు అరిస్తే రేడియో పెంచేది. పక్కింటివాళ్ళకు వినబడకుండా, చుట్టాలకు తెలియకుండా, పిల్ల నిద్ర లేవకుండా, అతని పరువును ఇస్త్రీ చొక్కాలా మడత నలగకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడు కూడా ముందు పుట్టింది జాలే, పాపం నలుగురిలో నగుబాటైపోతాడే అని. ఆ జాలి వెనకే ఇంకొకటి వచ్చింది. నగుబాటు చేస్తున్నది నేనా? నేను ఒక్క మాటైనా అన్నానా? ఆమె బొటనవేలు తీసేసింది.

"మీరంతా ఒకసారి కమాను వైపు తిరగండి," అంది నెమ్మదిగా, అందరి చెవుల్లో. "ఇక్కడ కనబడుతున్నది నా మొగుడు ఊబల్దో. యాభై ఎనిమిదేళ్ళ కట్టడం. కట్టించింది ఆయన తల్లిగారు, ఇప్పటికీ ఆవిడ అనుమతి లేకుండా ఒక మేకు కొట్టడానికి వీల్లేదు. ముఖద్వారం చాలా అందంగా ఉంటుంది, ఫోటోలు తీసుకోవచ్చు. లోపల వెలుతురు కొంచెం తక్కువ. ఇరవై ఆరేళ్ళుగా నిర్వహణ నాది."

ఊబల్దో తలెత్తాడు. తన చెవిలోని రేడియోలోంచి అవే మాటలు వినబడేసరికి మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి తిరిగాడు. ఇరవై ముగ్గురు చూస్తున్నారు. ఒకాయన నిజంగానే ఫోటో తీశాడు.

"ఆపు," అన్నాడు. అదీ అందరికీ వినబడింది.

ఒర్నెల్లా బ్యాగులోంచి ఫోను తీసింది. 'పంపు' మీట నొక్కింది. దరఖాస్తు పంపుతున్నారు, ఖాయమేనా అని ఫోను అడిగింది. ఇంత మర్యాదగా ఆ ప్రశ్న ఆమెను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, పెళ్ళప్పుడు పాదిరి కూడా కాస్త హడావిడిగానే అడిగాడు.

"ఖాయమే," అంది పైకే.

గోడ దగ్గర ఎవరో ఆడమనిషి చప్పట్లు మొదలుపెట్టింది. ఊబల్దో చుట్టూ చూసి, గొంతు ఇంకా తగ్గించి, "సరేలే, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. ముందు టూరు పూర్తి చెయ్యి, ఇంకా సగం ఊరుంది," అన్నాడు.

"పాపం, వాళ్ళు అంత దూరం నుంచి వచ్చారు," అంది ఒర్నెల్లా. తర్వాత మైకు పట్టుకుని, "అమ్మలూ, అయ్యలూ, నాకు లైసెన్సు లేదు. మిగతా ఊరు లైసెన్సు వచ్చాక చూపిస్తాను. మళ్ళీ రండి," అంది.

కాలరు నుంచి మైకు తీసి, ఊబల్దో కాలరుకు పెట్టి, వంకరగా ఉంటే సరిచేసి, నడుము పెట్టె అతని చేతిలో పెట్టింది. "ఇక నువ్వు చెప్పు," అంది. చౌకు దాటి, ఇంటి వైపు కాకుండా, కొండ మీదికి పోయే వీధిలోకి తిరిగింది.

ఇరవై ముగ్గురి చెవుల్లోనూ చాలాసేపు ఊబల్దో ఊపిరి మాత్రమే వినబడింది.