అడిగేవాడు లేని పడవ

"ఆదివారం పొద్దున్నే చేపలేంటి? నాకు కాఫీ ఎవరు పెడతారు?" అన్నాడు మొగుడు డడ్లీ, కళ్ళు తెరవకుండానే.

కాఫీ పెట్టి, గుడ్లు ఉడికించి మూతేసి, అతని చొక్కా ఇస్త్రీ చేసి, అప్పుడు బయల్దేరింది నోయెలీ. అందుకే ఆలస్యమైంది. లూసియానా తీరంలో ఉప్పునీటి గడ్డి మడుగుల్లో అప్పటికే వెలుగొచ్చేసింది.

ముందు కయాక్ పడవలో తల్లి యూలా. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తెడ్డు వేస్తుంటే నీళ్ళ చప్పుడైనా లేదు. పైగా కూనిరాగం. వెనక కయాక్‌లో వస్తున్న నోయెలీకి ఆ రాగం వింటుంటే ఒళ్ళు మండింది. నాన్న బతికుండగా ఈ గొంతు ఎక్కడ దాచుకుంది? ఆయన గాలం ముట్టుకోనిచ్చేవాడు కాదు, తెచ్చిన చేపలు వండటమే ఈవిడ పని. పెళ్ళయిన రెండో ఏడు తను పెట్టె సర్దుకుని వస్తే, "మగాళ్ళంతా అంతేనే, సర్దుకుపో" అని అన్నం పెట్టి వెనక్కి పంపింది ఈవిడే. ఇప్పుడేమో ఎండకి ముక్కు కమిలిపోయి, ఆకలేసినప్పుడు తిని, నిద్రొచ్చినప్పుడు పడుకుని, పదేళ్ళు చిన్నదైపోయింది. కూతురై ఉండి తల్లి సుఖం చూసి ఓర్వలేకపోతున్నానే అని సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు.

"అదుగో, పక్షులు దూకుతున్నాయి! కింద ట్రౌట్ చేపలు రొయ్యల్ని తరుముతున్నాయే. వెయ్యి, వెయ్యి!"

నోయెలీ గాలం వేసింది. బెండు మునిగింది. ఉన్న కోపమంతా పెట్టి గుంజింది. ఖాళీ గాలం పైకొచ్చింది.

"అంత మొరటుగానా? దాని నోరు మెత్తన, చిరిగిపోతుంది. మెల్లగా లాగాలి పిల్లా," అంటూ యూలా మచ్చల చేపనొకదాన్ని వలలోకి ఎత్తి పకపకా నవ్వింది.

"నీకేమమ్మా! అదృష్టవంతురాలివి."

"ఏమే నా అదృష్టం?"

"అడిగేవాడు లేడు."

అనేశాక తెలిసింది తనేమన్నదో. ఇన్నాళ్ళూ తను ఓర్వలేనిది ఈ పడవనీ కాదు, ఈ చేపల్నీ కాదు. తల్లి వైధవ్యాన్ని. అంటే తన ఇంట్లో తను ఏం కోరుకుంటున్నట్టు?

యూలా నవ్వు ఆపింది. తెడ్డేసుకుంటూ పక్కకొచ్చి కూతురి పడవ అంచు పట్టుకుంది.

"నేను నలభై మూడేళ్ళు ఆగానే," అంది. "మీ నాన్న చెడ్డవాడేం కాదు. అయినా ఆయన్ని పాతిపెట్టి ఇంటికొచ్చిన రోజు హాయిగా నిద్రపట్టింది. అలాంటి నిద్ర నీకొద్దు. వాడు బతికుండగానే వచ్చెయ్."

ఎండ ఎక్కేదాకా ఇద్దరూ గాలాలు వేస్తూనే ఉన్నారు. నోయెలీకీ మూడు పడ్డాయి.

ఒడ్డుకొచ్చాక చేపలు పంచుకున్నారు. నోయెలీ తన వాటా తీసుకెళ్ళి తల్లి ఫ్రిజ్‌లో పెట్టింది.